దాదాపీర్ మైకు, దూరపు హైడ్రోజను

రేడియో ఖగోళ కేంద్రం,
ఎర్రమల కొండల లోయ.
8 సెప్టెంబరు 2025

దాదాపీర్ సౌండ్ సిస్టమ్స్, చింతలకుంట, యజమాని శ్రీ దాదాపీర్ గారికి,

నమస్కారం.

నా పేరు యామిని. మీ ఊరి కొండకు అవతలి పక్క ఆకాశం వైపు తెరిచిపెట్టిన పెద్ద పెద్ద గిన్నెల్లాంటి ఏరియళ్ళు ముప్పై ఉన్నాయి కదా, అక్కడ పరిశోధన చేస్తాను. మాది కర్నూలు పక్కన కల్లూరే. ఈ కాలంలో ఫోను చేయకుండా ఉత్తరమేమిటని అనుకోవద్దు. మా లోయలో సెల్ ఫోను నిషేధం. గేటు దగ్గర పెట్టెలో పడేసి లోపలికి రావాలి.

మేము చాలా దూరపు గెలాక్సీల్లో, అంటే కోట్లకొద్దీ నక్షత్రాల గుంపుల్లో, ఉన్న హైడ్రోజన్ వాయువును కొలుస్తున్నాం. దాని నుంచి వచ్చే రేడియో తరంగాలు చాలా బలహీనం. నాలుగు రోజులుగా రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా ఒక వైర్‌లెస్ మైకు వాటికి అడ్డం పడి గరగరమంటోంది. జీపు మీద ఏరియల్ పెట్టుకుని ఎటునుంచి వస్తోందో వెతికితే మీ వీధిలో తేలింది. మొన్న పొద్దున మీ తలుపు మూడుసార్లు కొట్టాం. లోపల ఎవరో వక్కలు కత్తిరిస్తున్న చప్పుడైంది గాని తలుపు తీయలేదు. అందుకని బోర్డు మీద పేరు చూసి రాస్తున్నాను. దయచేసి తగిన ఏర్పాటు చేయగలరు.

భవదీయురాలు,
డా. యామిని

తా.క. జీపు వెనక్కి తిప్పేటప్పుడు మీ గోడకు ఆనించిన మైకు సెట్టు హారన్ ఒకటి సొట్టపోయింది. క్షమించాలి. నడిపింది నేనే.

*

చింతలకుంట
11 సెప్టెంబరు

డాక్టర్ యామినమ్మ గారికి మైక్ సెట్టు దాదాపీరు సలాములు.

ఈడ నేనూ, మా ఇంటామె మదార్ బీ, నాలుగు యాంప్లిఫైయర్లూ బాగుండాము. ఒక హారన్‌కు మాత్రం ఒంట్లో బాగలేదు, అది మీకు తెలిసిందే.

మీ జాబు మూడుసార్లు చదువుకున్నా. ముప్పై ఆరేండ్ల సర్వీసులో నా మైకు కొండ దాటి వినపడిందని కాగితం మీద రాసిచ్చినోళ్ళు మీరే మొదలు. దాన్ని లామినేషన్ చేయించి అంగట్లో తగిలించినా. నాగరాజ్ సౌండ్స్ నాగరాజ్ వచ్చి నిలబడి చదివి, ఒక్క మాట కూడా అనకుండా పోయినాడు. పన్నెండేండ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవులెండి.

గరగరమంటాందని రాసినారు. మా లైన్లో ఇది ఎప్పుడూ ఉండేదే. గిరాకీ గరగర అంటే మేము మొదట సెల్లులు చూస్తాం, తర్వాత ఏరియల్ చూస్తాం. ఇంటామె చేత కొత్త సెల్లులు వేయించినా. మూడంగుళాల ఏరియల్ పీకేసి రాగి తీగతో జానెడు ఏరియల్ నేనే చుట్టినా. ఇంక మీకు గంట కొట్టినట్టు వినపడాల. ఏమన్నా తక్కువైతే మొగమాటపడొద్దు, బూస్టరు కూడా ఉండాది.

గాలి కొలిచేదానికి ముప్పై మూకుళ్ళు ఎందుకో నాకు తెలీలేదు. బస్టాండు పక్కన పంచర్ల అంగట్లో బొటనవేలంత మీటరుతో కొలుస్తారు. అయినా సర్కారు పని, మనం అడగకూడదు.

మీ సేవలో,
దాదాపీరు
(పెండ్లిండ్లకు, ఉర్సులకు, జాతరలకు మైకు సెట్లు బాడుగకు ఇవ్వబడును)

తా.క. తలుపు తీయనందుకు ఏమనుకోవద్దు. మా ఇంటామెకు చెవులు వినపడవు. ఈసారి వస్తే తలుపు కొట్టొద్దు, కిటికీలో చెయ్యి ఊపండి.

ఇంకో తా.క. సొట్ట హారన్‌లో ఇప్పుడు ఆడగొంతు మగగొంతు లెక్క వస్తాంది. నాటకాలోళ్ళు అప్పుడే అడిగిపోయినారు.

*

రేడియో ఖగోళ కేంద్రం
15 సెప్టెంబరు

దాదాపీర్ గారికి యామిని నమస్కారాలు.

అయ్యా, గంట కొట్టినట్టే వినిపిస్తోంది. శుక్రవారం సాయంత్రం మా కంప్యూటర్ తెర మీద మీ మైకు గీత లేచిన లేవడానికి మా ఆపరేటర్ క్రిస్టినా కుర్చీలోంచి లేచి నిలబడింది. తప్పు నాదే. ‘తగిన ఏర్పాటు’ అని ఆఫీసు ముక్క ఒకటి పడేసి ఊరుకున్నాను. సంగతి మొదట్నుంచీ చెప్పాల్సింది.

రొట్టెకు పిండి ఎలాగో నక్షత్రానికి హైడ్రోజన్ అలాగ. ఏ కాలంలో ఎంత పిండి ఉండేదో తెలిస్తే, ఒకప్పుడు అన్నేసి నక్షత్రాలు ఎందుకు పుట్టాయో, ఇప్పుడు ఎందుకు తగ్గాయో తెలుస్తుంది. ఈ హైడ్రోజన్ చల్లగా తన మానాన తాను ఉన్నప్పుడు సన్నగా ఒక రేడియో స్వరం పలుకుతుంది. ఎక్కడున్నా అదే శ్రుతి. కాని విశ్వం సాగుతూ పోతోంది కాబట్టి, ఎంత దూరం నుంచి వస్తే అంత శ్రుతి దిగి మనకు చేరుతుంది. నేను వెతికే స్వరం బయల్దేరి ఎనిమిది వందల కోట్ల ఏళ్ళయింది. అప్పటికి మన భూమి లేదు, సూర్యుడు కూడా లేడు. అది దిగి దిగి సగం శ్రుతికి వచ్చి, ఆఖరికి సరిగ్గా మీ మైకు పలికే చోట వాలింది. ఇందులో మీ తప్పు లేదు, దాని తప్పూ లేదు.

ఒక్కో గెలాక్సీని ఎంతసేపు విన్నా ఏమీ తెలియదు. అందుకే పదకొండు వేల గెలాక్సీల స్వరాలను ఒకదాని మీద ఒకటి పేర్చి కలుపుతాను. అలా నలభై రోజులు వింటే ఏమైనా బయటపడొచ్చు. ఈ నలభై రోజుల కోసం మూడేళ్ళు దరఖాస్తులు పెట్టాను. పది రోజులు అయిపోయాయి. మళ్ళీ ఇవ్వరు. మేము వింటున్నప్పుడు మధ్యలో మీరు పలక్కుండా ఉంటే చాలు. మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
యామిని

తా.క. మీ సరుకు మాత్రం మంచిది, కాదనను. క్రిస్టినా వాళ్ళన్న పెళ్ళికి మీ నంబరు అడుగుతోంది.

*

చింతలకుంట
18 సెప్టెంబరు

యామినమ్మకు దాదాపీరు సలాములు, సిగ్గుతో.

మీ జాబు చదివినాంక రెండు దినాలు కూడు దిగలేదు. మీరు వింటాండారని నాకేం తెలుసమ్మా! అది కచేరీ మైకు కాదు. నేను మా ఇంటామెతో మాట్లాడే మైకు.

దాచేదేముండాది, చెప్తా. ముప్పై ఆరేండ్లు ఆమె నా హారన్ల పక్కనే సంసారం చేసింది. జాతరల్లో జనరేటరు పక్కన కూర్చోని వక్క కత్తిరిస్తా నాకు తోడుండేది. అట్లా చెవులు పోయినాయి. ఆ చెవులు తిన్నది నేనే, నాకు తెలుసు. డాక్టరు చెవి మిషను ఇచ్చినాడు. ఈల వేస్తాందని తీసి పారేసింది. ఆ తర్వాత ఒక ఏడాది గోడ తట్టు తిరిగి పండుకునేది. పిలిస్తే పలకదు, పలకరించేదానికి వచ్చినోళ్ళ మొగం చూడదు. మనిషి ఇంట్లో ఉండీ లేనట్టే. మా ముబీనా ఆలూరు నుంచి, అత్తగారింటి నుంచి వచ్చి, తల్లిని చూసి ఏడ్చుకుంటా పోయింది.

అప్పుడు, రెండేండ్లు దాటింది, నేను ఎనిమిది దినాలు అంగడి మూసి ఒకటి తయారు చేసినా. నా కాలరుకు మైకు, ఆమె చెవులకు పెద్ద హెడ్‌ఫోన్ డబ్బాలు. ఇల్లంతా తిరిగినా వినపడాలని వైర్‌లెస్ పెట్టినా. తీగ కట్టి కూడా చూసినా, మేక దాన్ని కాలికి చుట్టుకోని వీధిలోకి పోయింది, దాని వెనక మా ఇంటామె. ఈ ఏడు కూడా చవితి పందిళ్ళు అయిపోయి పని తగ్గినాంక మళ్ళీ దినామూ నాలుగు గంటలకు ఇంటికొచ్చి, మైకు తగిలించుకోని, ఆ దినం జరిగిందంతా చెప్తా. ఆమె పని చేసుకుంటా వింటాది. యాడ నవ్వాల్నో ఆడ నవ్వుతాది. ఆమె నవ్వితే నాకు నూరు హారన్లు కట్టినంత సంతోషం.

ఇంక మీరు విన్న సంగతి. మంగళవారం మా బావమరిది గురించి నేనన్న మాటలు కోపంలో అన్నవి. దయచేసి కొట్టేయండి. సర్పంచు గురించి అన్నది నిజమే, అది ఉంచినా ఏం లేదు.

దీనికొక ఉపాయం చేసినా. నిన్నటినుంచి మొదలుపెట్టేముందు ‘హలో హలో, మైక్ టెస్టింగ్, ఇది దాదాపీరు, గెలాక్సీ కాదు’ అని మూడుసార్లు చెప్తాండా. అది వినపడగానే మీరు నన్ను వదిలేసి హైడ్రోజన్‌ను పట్టుకోండి. అయిపోయినాంక ‘ధన్యవాదాలు, ఇంక మీరు కొలుచుకోండి’ అంటా. మధ్యలో అన్నీ మంచి మాటలే మాట్లాడతాండా. శానా కష్టంగా ఉండాది.

మీ
దాదాపీరు

తా.క. పదకొండు వేల గొంతులు కలిపితేగాని వినపడదంటే అది గొంతు తప్పు కాదమ్మా, యాంప్లిఫైయర్ తప్పు. నా దగ్గర రెండు వందల యాభై వాట్లది ఖాళీగా ఉండాది. పంపమంటారా?

ఇంకో తా.క. కొండ అవతల మీరు వింటాండారని ఇంటామెకు చెప్పినా. కొత్త చీర కట్టుకుంది.

*

రేడియో ఖగోళ కేంద్రం
22 సెప్టెంబరు

దాదాపీర్ మామకు నమస్కారాలు. ఇంక ‘గారు’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు, ఏమనుకోకండి.

మామా, మాకు ఒక్క మాట కూడా వినపడదు. మా పరికరాలకు మాటలు తెలియవు. ఎంత బలంగా ఉంది, ఏ శ్రుతిలో ఉంది, అంతే. మీ బావమరిది పరువు భద్రంగా ఉంది. మీరు ‘గెలాక్సీ కాదు’ అని ఎంత చెప్పినా ఆ చెప్పడమే మాకు ఇంకో పావుగంట అడ్డం. ‘ధన్యవాదాలు’ మరో ఐదు నిమిషాలు.

మీ ఉత్తరం చదివాక ఆపమని అడగడానికి నోరు రాలేదు. మూడు రోజులు కలం పట్టుకుని కూర్చున్నాను. కాని అడగకపోతే నన్ను నేను మోసం చేసుకున్నట్టే. ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి. నేను వినే ఆ మూల ఆకాశం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా మా నెత్తిన ఉంటుంది. పొద్దునపూట ఉండదు. ఈ ఇరవై మూడు రోజులు అత్తతో పొద్దున మాట్లాడుకోవడం కుదురుతుందా? కుదరకపోతే మీ మైకు మీరు పెట్టుకోండి. నేను తప్పు పట్టను. బాధపడతాను, అది వేరే సంగతి.

మీ
యామిని

తా.క. యాంప్లిఫైయర్ వద్దు. బూస్టరు అసలే వద్దు. ఆ మాట తలచుకుంటేనే క్రిస్టినా మంచినీళ్ళు తాగుతోంది.

ఇంకో తా.క. అత్త కట్టుకున్న చీర ఏ రంగు?

*

చింతలకుంట
25 సెప్టెంబరు

బిడ్డ యామినికి దాదాపీరు రాసేది.

మైకు పెట్టెలో పెట్టి తాళం వేసినా.

పొద్దున కుదరదమ్మా. ఆమె ఈ వారం నుంచి తెల్లారక ముందే పత్తి తీసేదానికి పోతాది, నేను దసరా పందిళ్ళకు పోతా. అయినా ఎనిమిది వందల కోట్ల ఏండ్లు నడిచి వచ్చినదానికి దారి వదిలేది మర్యాద. మా లైన్లో కూడా, పెద్దలు మాట్లాడేదానికి లేస్తే పిల్లోళ్ళ పాట మధ్యలో ఆపుతాం.

నా మైకు ఒక్కటి ఆపితే సరిపోదని నాగరాజ్ అంగటికి పోయినా. ‘ఏమప్పా, పన్నెండేండ్లకు దారి తప్పినావా?’ అన్నాడు. మీ హైడ్రోజన్ కథంతా చెప్పినా. పిండి, రొట్టె, అన్నీ. శానాసేపు మీసం దువ్వుకోని, ‘ఆ లామినేషన్ కాగితం జిరాక్సు ఒకటి ఇస్తే నా వైర్‌లెస్ మైకులు కూడా ఆపుతా’ అన్నాడు. ఇచ్చినా. ఈ దసరాకు ఇద్దరమూ తీగ మైకులే. ఎమ్మెల్యే గారి మనిషి తీగ తట్టుకోని పడినాడు, ఆ పాపం మీ పదకొండు వేల గెలాక్సీలకు తలా కొంచెం పంచండి.

మైకు ఎందుకు ఆపినానో ఇంటామెకు కాగితం మీద రాసి చూపించినా. చదివింది. తల ఊపింది. పోయి పొయ్యి ముట్టించింది. మళ్ళీ గోడ తట్టు తిరుగుతాదేమో అని రాత్రిళ్ళు లేచి చూసుకుంటాండా. కాగితం మీద నేను సర్పంచు కథ రాయగలనా, నాగరాజ్ మీసం రాయగలనా? రాసినా ఆమె నవ్వే లోపల సెగ చల్లారిపోతాది.

మీరు బాగా కొలవండి. అదే పదివేలు.

మీ
దాదాపీరు మామ

తా.క. పసుపు చీర, ఆకుపచ్చ అంచు.

*

రేడియో ఖగోళ కేంద్రం
6 అక్టోబరు

దాదాపీర్ మామకు, అత్తకు నమస్కారాలు.

కనపడింది మామా!

నిన్న పొద్దున పదకొండు వేలూ కలిపి చూస్తే తెర మీద ఒక చిన్న గుట్ట లేచింది. చీమల పుట్టంత. నాలుగుసార్లు లెక్క తప్పేమోనని వెతికాను, తప్పు దొరకలేదు. క్రిస్టినా చూసి నా వీపు మీద చెయ్యి వేసింది. నేను ఏడ్చాను. అంత దూరాన, అంత కాలం కింద, ఆ గెలాక్సీల నిండా ఇప్పటికన్నా ఎంతో ఎక్కువ హైడ్రోజన్ ఉండేదని ఆ గుట్ట చెబుతోంది. నక్షత్రాలకు అప్పుడు పిండికి కొదవ లేదు. మీరు మైకు ఆపిన రోజులు లేకపోతే అది గరగరలో కలిసిపోయేది.

కాని పది రోజులుగా మీ జాబు లేదు. పోస్టుమ్యాన్ ఓబుళేశు అన్నను అడిగితే, ‘ఆయప్ప ఎవురితోనూ మాట్లాడ్డం లేదు తల్లీ. తలుపు కాడ కూర్చోనుంటాడు. ఏమప్పా అంటే తలకాయ ఊపుతాడు’ అన్నాడు. అది విన్నప్పటి నుంచి నా గుట్టను చూసినా సంతోషం కలగడం లేదు.

ఇంకా తొమ్మిది రోజులున్నాయి. అవీ దొరికితే నా లెక్క గట్టిపడుతుంది, ఎవరూ కాదనలేరు. దొరకకపోతే కొంతమంది అనుమానపడతారు, పడనీండి. పెట్టె తాళం తీయండి మామా. ఈ సాయంత్రం నుంచే అత్తతో మాట్లాడండి. ఇది నేను బాగా ఆలోచించి రాస్తున్న మాట.

మీ
యామిని

తా.క. క్రిస్టినా వాళ్ళన్న పెళ్ళి నవంబరులో. సొట్ట హారన్ తప్ప మిగతావన్నీ తెమ్మంది. పెళ్ళికొడుకు గొంతు మామూలుగానే మగగొంతట.

*

చింతలకుంట
9 అక్టోబరు

బిడ్డ యామినికి మదార్ బీ దువాలు.

ఐదో తరగతి దాకా చదివినా. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. నీ జాబు నా చేతికి వచ్చింది. ఆయన యాంప్లిఫైయర్ రిపేరీకని కర్నూలుకు పోయినాడు, రాత్రికి వస్తాడు. ఆ లోపల నీకొక మాట చెప్పాల. నీ కడుపులోనే పెట్టుకో.

ఆ చెవి డబ్బాలు పనిచేసింది నాలుగు నెలలే. రెండేండ్ల కింద నీళ్ళ తొట్లో పడినాయి. ఎండలో పెట్టినా, బియ్యంలో పెట్టినా, దర్గాలో మొక్కుకున్నా. లేదు, రాలా. ఆయనకు చెప్పుదామని పోతే, ఆ మనిషి అప్పటికే తల దువ్వుకోని, కాలరుకు మైకు తగిలించుకోని, పెండ్లికొడుకు లెక్క కూర్చోనుండాడు. ఎనిమిది దినాలు తిండి మరిచి చేసినాడు కదా. నాకు నోరు రాలా. డబ్బాలు చెవులకు పెట్టుకోని ఎదురుగా కూర్చున్నా. అప్పటినుంచి అట్లే కూర్చుంటాండా.

మాట వినపడకపోతే ఏమమ్మా? ఆయన మొగం నాకు ముప్పై ఆరేండ్లుగా తెలుసు. ఎడమ కనుబొమ లేస్తే నాగరాజ్ కథ. రెండు చేతులూ ఊపితే మధ్యలో కరెంటు పోయిన కథ. ముక్కు రుద్దుకుంటే ఎవురో బాడుగ ఎగ్గొట్టినారు. మధ్యలో ఆగి పైకప్పు తట్టు చూసినాడంటే వాళ్ళమ్మ గుర్తుకొచ్చింది. ఆయన నవ్వబోయే ముందు కండ్లు చిన్నవైతాయి, నేను ఒక్క క్షణం ముందే నవ్వుతా. అందుకే అంత బాగా వింటానని ఊరంతా చెప్పుకుంటాడు. మొన్న ఒక దినం కొండ తట్టు చూపించి దండాలు పెట్టి ఏందో చెప్పినాడు. పెద్దోళ్ళెవురో ఇంటికి వస్తాండారనుకోని పసుపు చీర కట్టుకోని వాకిట్లో నిలబడితి. పొద్దుగూకినా ఎవురూ రాలా.

ఈ పదిహేను దినాలే నాకు నిజంగా చెవుడొచ్చినట్టయింది. సాయంత్రం గడప దాకా వస్తాడు, నోరు తెరుస్తాడు, మైకు లేదని గుర్తొచ్చి మూసుకుంటాడు, పోయి తలుపు కాడ కూర్చుంటాడు. మొగం మీద ఏమీ ఉండదు. నాకు చదువుకునేదానికి ఏమీ మిగల్చలా. అంతా నీ కోసమే చేసినాడని తెలుసు, నీ మీద కోపం లేదు. నువ్వు నీ తొమ్మిది దినాలు మాకోసం వదులుకుంటానని రాసినావే, అది చదివి ఏడ్చినా. ఎవురు కన్న బిడ్డవో గాని సల్లగుండు.

నీ దినాలు నువ్వేం వదులుకోవద్దు. రాత్రి ఆయనకు నువ్వు రాసిన జాబు చూపిస్తా. రేపు నాలుగు గంటలకు మైకు తీస్తాడు. దానికి సెల్లులు వేసేది నేనే, ఆ చిన్న మూత ఆయన కండ్లకు ఆనదు. అయిపోయిన సెల్లులు రేకుడబ్బాలో శానా ఉండాయి, అవే వేస్తా. మీ మూకుళ్ళకు గరగర ఉండదు. ఆయన మాట మీకూ వినపడదు, నాకూ వినపడదు. ఆయన చెప్తా ఉంటే చాలు.

దువాలతో,
మదార్ బీ

తా.క. దీనికి జవాబు రాయొద్దు బిడ్డా. నా పేరు మీద జాబు వస్తే, చదివి వినిపిస్తానని కూర్చుంటాడు.